రెండు ఊళ్ళు, ఒక్క ఓటు



పోయిన నెల ఈ పేజీ రాయలేకపోయాను. కన్నా చౌక్‌లో కూరగాయలు కొంటుంటే ఒకరు, మార్కండేయ గుడి దగ్గర ఇంకొకరు ఆపి, "ఏమైంది జాబర్ సాబ్, ఈసారి రాయలేదేంది?" అని అడిగారు. అడిగేవాళ్ళు ఉన్నందుకు సంతోషమైంది. ఎండలు, కార్ఖానా పని, ఓటర్ల జాబితా పని, ఆ తర్వాత ఊరి ప్రయాణం, అన్నీ ఒకదాని వెంట ఒకటి వచ్చినయి. ఒక్కొక్కటే చెప్తాను. మధ్యలో నేను చేసిన తప్పు కూడా ఒకటి ఉన్నది. అది కూడా దాచకుండా చెప్తాను.

ముందు పని సంగతి. ఏప్రిల్, మే నెలల్లో టవళ్ళ గిరాకీ బాగా పడిపోయింది. మా షెడ్డులో ఇరవై నాలుగు సాంచాలుంటే పద్దెనిమిదే నడిచినయి. పైన రేకులు, కింద యంత్రాల వేడి. మధ్యాహ్నం ఒంటిగంట తర్వాత బనీను పిండితే నీళ్ళు కారుతాయి. మన సోలాపూర్ చాదర్‌కు, టెర్రీ టవల్‌కు జిఐ గుర్తింపు ఉన్నదని బయటివాళ్ళకు గొప్పగా చెప్పుకుంటాం, చెప్పుకోవాలి కూడా. కాని ఆ గుర్తింపు నేసేవాడి కూలిలో ఎక్కడా కనిపించదు. రాపియర్ యంత్రాలు పెట్టిన షెడ్లలో తక్కువ మందితో ఎక్కువ బట్ట తీస్తున్నారు. నాడె ఎగిరే పాత సాంచాలు ఉన్నన్ని రోజులే నాలాంటి జాబర్లకు పని.

ఇంట్లో మా ఆమె వెయ్యి బీడీల లెక్క వదలదు. ఎండాకాలంలో తునికాకు తొందరగా ఎండి విరిగిపోతుంది. తడిగుడ్డ కప్పి, గంటకోసారి నీళ్ళు చల్లి, చాట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటుంది. ఆమె చెయ్యి ఆగితే ఆ వారం ఇంట్లో తెలుస్తుంది.

ఇక ఓటు సంగతికి వస్తాను.

మా పేటకు జాబితా పని చూసే బిఎల్ఓ ఒక అంగన్‌వాడీ టీచరమ్మ. మంచి మనిషి, మరాఠీ ఆమె. మన గల్లీల్లో ఇంటింటికీ తిరిగి చీటీలు పంచాలి, పేర్లు సరిచూడాలి. "కాకా, మీకు రెండు భాషలూ చదవడం వచ్చు, సాయంత్రం ఒక గంట నాతో తిరుగుతారా?" అని అడిగింది. సరే అన్నాను. షిఫ్టు దిగి, ముఖం కడుక్కుని, పది పన్నెండు రోజులు ఆమె వెంట తిరిగాను.

తిరిగితేనే తెలిసింది మన పేర్ల గతి. మన ఇంటిపేరు మరాఠీ జాబితాలోకి పోయేసరికి చివరి అక్షరం పొల్లు పోయి ఉంటుంది. గాజుల గాజుల్ అవుతుంది, ఏముల యేముల్ అవుతుంది. అది మనకు అలవాటే. అసలు చిక్కు ఆడవాళ్ళ పేర్లతో. మన పద్ధతిలో ఇంటిపేరు ముందు వస్తుంది. ఇక్కడి పద్ధతిలో ఆమె పేరు, నడుమ భర్త పేరు, చివర ఇంటిపేరు. ఆధార్‌లో ఒక తీరు, ఓటు కార్డులో ఒక తీరు, బీడీ కంపెనీ కార్డులో ఇంకో తీరు. ఒక ఇంట్లో అత్త పేరు ముందు కోడలి వయసు పడింది. ఇంకో ఇంట్లో చనిపోయి ఆరేళ్ళైన పెద్దాయన జాబితాలో బతికే ఉన్నాడు. ఆయన పక్కనే ఉండాల్సిన కొడుకు పేరు మాత్రం లేదు.

టీచరమ్మ ఒక మాట చెప్పింది. దేశంలో మొదటి ఎన్నికలు 1951-52లో జరిగినప్పుడు దాదాపు 28 లక్షల మంది ఆడవాళ్ళ పేర్లు జాబితా నుంచి తీసేయాల్సి వచ్చిందట. ఎందుకంటే వాళ్ళు తమ పేరు చెప్పకుండా "ఫలానా ఆయన భార్యను", "ఫలానా పిల్లగాని తల్లిని" అని రాయించుకున్నారు. అట్లాంటి పేర్లను జాబితాలో ఉంచలేదు. ఆ మాట నేను మా గల్లీలో అందరికీ చెప్పాను. "అవ్వా, నీ పేరు నువ్వు గట్టిగా చెప్పు, ముసలాయన పేరు తర్వాత చెప్దువు" అంటే ఆడవాళ్ళంతా నవ్వారు.

అట్లా నవ్వుతూనే ఒక ముసలవ్వ నన్ను పట్టుకుంది. డెబ్బై ఐదు దాటినా ఇంకా బీడీలు చుడుతుంది. చాట మీది నుంచి తల ఎత్తకుండా అడిగింది.

"ఇంత తిరుగుతున్నవు బిడ్డా, నీ ఓటు ఎక్కడున్నది?"

"ఇక్కడనే అవ్వా, మన బళ్ళనే."

"మరి ఊర్ల లేదా? మొన్న చలికాలంల బండెక్కి పోయి వేసొచ్చినవు గదా!"

నా నోట మాట రాలేదు. పక్కన టీచరమ్మకు తెలుగు రాదు కాబట్టి బతికిపోయాను.

అవ్వ చెప్పింది నిజం. నాకు రెండు ఓట్లున్నాయి. ఒకటి సోలాపూర్‌లో, నాకు పద్దెనిమిది దాటినప్పటి నుంచి ఉన్నది. రెండోది సిరిసిల్ల దగ్గర మా ఊర్లో. మా నాయిన పోయిన తర్వాత మా చిన్నాయిన కొడుకు, వరసకు తమ్ముడు, ఒక ఫారం తెచ్చి, "అన్నా, జాబితాల పేరు లేకపోతే రేపు ఇల్లు మీది కాదంటరు, సంతకం పెట్టు" అన్నాడు. పెట్టాను. నేను పెట్టాను, మా ఆమె పెట్టింది, మా అన్న, వదిన కూడా పెట్టారు. ఆ ఫారంలో "నేను మామూలుగా ఉండేది ఇక్కడే" అని ఒక ప్రమాణం ఉంటుంది. గల్లీలో నలుగురికి ఫారాలు నింపి పెట్టే నేను, నా ఫారం చదవకుండా సంతకం పెట్టాను. 2023 నవంబర్ 30న తెలంగాణ అసెంబ్లీ ఎన్నికలకు వాళ్ళు బండి పంపితే పోయి ఓటు వేసి వచ్చాను. ఒకే ఎన్నికలో రెండు చోట్ల వేయలేదు కదా అని మనసుకు సర్ది చెప్పుకున్నాను.

2024 లోక్‌సభ ఎన్నికల్లో ఆ సాకు కూడా లేకుండా పోయింది. సోలాపూర్‌లో పోలింగ్ మే 7న. మా ఊరు వచ్చే కరీంనగర్ నియోజకవర్గంలో మే 13న. నడుమ ఆరు రోజులు. కార్ఖానాలో టీ తాగేటప్పుడు ఇదే ముచ్చట. "ఇక్కడ వేసుకొని, సిరా గీకేసుకొని, అక్కడ వేయొచ్చు" అని ఒకడు. "అందరు చేస్తున్నదే, మనం ఒక్కళ్ళమేనా?" అని ఇంకొకడు. ఏప్రిల్ చివర్లో తమ్ముని ఫోన్ కూడా వచ్చింది. "అన్నా, పదకొండున బయలుదేరుండ్రి, బండి పంపుతం." ఏ పార్టీ అన్నది ఇక్కడ అవసరం లేదు. ఏ పార్టీ అయినా అదే బండి.

అవ్వ అడిగిన రోజు రాత్రి నిద్ర పట్టలేదు. మరునాడు టీచరమ్మను పక్కకు పిలిచి నా సంగతి చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. కూర్చోబెట్టి చట్టం చెప్పింది. అది మన సెటిల్‌మెంట్లలో చాలామందికి పనికొస్తుంది కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం ఒక మనిషి పేరు ఒకే నియోజకవర్గం జాబితాలో, అదీ ఒక్కసారే ఉండాలి. ఎక్కడ ఉండాలంటే, మామూలుగా ఎక్కడ నివసిస్తున్నాడో అక్కడ. ఊర్లో ఇల్లు ఉన్నంత మాత్రాన అక్కడ నివసిస్తున్నట్టు కాదు అని ఆ చట్టంలోనే స్పష్టంగా ఉన్నది. ఫారంలో తెలిసి అబద్ధపు ప్రమాణం చేస్తే ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. ఇక 1951 నాటి చట్టం ఇంకో మాట చెప్తుంది. ఒకే సాధారణ ఎన్నికలో రెండు నియోజకవర్గాల్లో ఓటు వేస్తే ఆ మనిషి వేసిన రెండు ఓట్లూ చెల్లవు. రెండోది మాత్రమే కాదు, రెండూ పోతాయి. ఓటర్లను పోలింగ్‌కు ఉచితంగా తీసుకుపోవడానికి అభ్యర్థి తరఫున బండ్లు పెట్టడం కూడా తప్పుడు పద్ధతి కిందికే వస్తుంది.

"మరి ఇప్పుడు తీసేయండి" అన్నాను. నామినేషన్ల గడువు దాటిన తర్వాత ఎన్నిక అయ్యేదాకా జాబితాలో పేర్లు చేర్చడం, తీయడం ఉండదట. "ఎన్నికలయ్యాక ఫారం 7 ఇవ్వండి. ఈలోపు ఒక్కచోటే వేయండి" అన్నది.

ఒక్కచోట అంటే ఎక్కడ? ఇది తేల్చుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది. మా ఆమెకు రెండు నిమిషాలు పట్టలేదు. "నల్లా నీళ్ళు ఏ రోజొస్తయో ఎదురు చూసేది ఇక్కడ. పిల్లలు చదివింది ఇక్కడ. నా బీడీల పెన్షన్ కాగితాలున్నది ఇక్కడ. ఓటు అక్కడేంది?" అన్నది.

నేను మాత్రం మా తాతను తలుచుకున్నాను. తాత నిజాం రాజ్యం నుంచి నడక, బండి, రైలు అన్నీ కలిపి ఇక్కడికి వచ్చాడు. అప్పుడు ఇది ఇంగ్లీషువాళ్ళ బొంబాయి రాజ్యం. 1877లో మొదలైన పాత మిల్లు భోంగా వినపడే దూరంలో గుడిసె వేసుకున్నాడు. ఆ భోంగా కూతతోనే మా నాయిన పుట్టాడు, పెరిగాడు, ఇంకో మిల్లులో పనికి చేరాడు. ఆయన అన్నం డబ్బా పట్టుకుని నేను గేటు దగ్గర నిలబడ్డాను. మిల్లులు ఒక్కొక్కటే మూతపడినయి. మనం మాత్రం పోలేదు.

ఈ ఊరి మంచి చెడ్డల్లో మనకు వాటా లేదా? 1930లో సోలాపూర్‌లో మార్షల్ లా పెట్టినప్పుడు మిల్లు కార్మికులు వీధుల్లోకి వచ్చారు. 1931 జనవరి 12న యరవాడ జైల్లో మల్లప్ప ధన్‌శెట్టి, కుర్బాన్ హుస్సేన్, శ్రీకృష్ణ సారడా, జగన్నాథ్ శిందేలను ఉరి తీశారు. ఆ చార్ హుతాత్మల చౌక్ దాటి రోజూ పనికి పోతాం. ఆ నలుగురిలో ఒకరు లింగాయత్, ఒకరు ముసల్మాన్, ఒకరు మార్వాడీ, ఒకరు మరాఠా. ఈ ఊరు ఎప్పుడూ ఒక్కరిది కాదు. 1980 నుంచి 1996 దాకా జరిగిన ఐదు లోక్‌సభ ఎన్నికల్లో సోలాపూర్ నుంచి గెలిచింది మన తెలుగువాళ్ళే. గంగాధర్ కుచన్ రెండుసార్లు, ధర్మన్న సాదుల్ రెండుసార్లు, లింగరాజ్ వల్యాల్ ఒకసారి. పార్టీలు వేరు కావచ్చు. మగ్గాల పేటల నుంచి మనిషి ఢిల్లీ దాకా పోయాడంటే, మన ముందటివాళ్ళు తమ పేరు ఇక్కడి జాబితాలో గట్టిగా రాయించుకున్నందుకే కదా.

మే 7 వచ్చింది. నలభై దాటిన ఎండ. మా అమ్మకు 82 ఏళ్ళు. 85 దాటినవాళ్ళకు ఇంటి దగ్గరే ఓటు తీసుకునే వీలు ఈసారి ఇచ్చారు కాని, మా అమ్మకు మూడేళ్ళు తక్కువైంది. పొద్దున ఏడింటికే ఆటోలో తీసుకుపోయాం. బడి వరండాలో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. లోపలికి పోయి బటన్ నొక్కి, చీటీ కనపడే అద్దం దగ్గర ఏడు క్షణాలూ నిలబడి చూసి మరీ వచ్చింది. బయటికొచ్చి, "మీ నాయిన ఉంటే ఇప్పుడు చాయ్ తాగిపిస్తుండె" అన్నది. ముగ్గురం చాయ్ తాగాం.

అదే రోజు కార్ఖానాలో ఒక చిన్న రగడ. పోలింగ్ రోజు కూలి కోయకుండా సెలవు ఇవ్వాలని చట్టంలో ఉన్నది. రోజు కూలీలకూ వర్తిస్తుంది. మా సేఠ్ మాత్రం, "నేసిన టవళ్ళకే కూలి, సాంచా ఆగితే నేను దేనికిస్తను?" అన్నాడు. ముందురోజే మేం ఆరుగురం కలిసి అడిగాం. అరవలేదు, కాగితం చూపించాం. చివరికి సగం రోజు కూలి అడ్వాన్సులో పట్టుకోకుండా ఇచ్చాడు. మొత్తం రావాలి, సగం వచ్చింది. అడగని షెడ్లలో ఆ సగం కూడా రాలేదు.

తమ్మునికి ఫోన్‌లో చెప్పే ధైర్యం కాలేదు. ఫోన్‌లో చెప్తే తెగిపోతుంది. ముఖం చూసి చెప్పాలని మే 11 రాత్రి రైలెక్కాం, నేను, మా ఆమె, మా టికెట్ మేమే కొనుక్కుని. అక్కల్‌కోట్ రోడ్ దాటేదాకా పెట్టెలో మరాఠీ, కలబుర్గి దగ్గర కన్నడం, వాడి దాటి తాండూరు వచ్చేసరికి అంతా మన భాష. ఆ మార్పు చెవిన పడితే ఇప్పటికీ నాకు గుండె తేలికవుతుంది. సికింద్రాబాద్ జూబ్లీ బస్‌స్టేషన్‌లో కాలు పెట్టే సందు లేదు. హైదరాబాద్‌లో పనిచేసేవాళ్ళంతా ఓటుకు ఊళ్ళకు పోతున్నారు.

సిరిసిల్ల బస్సులో ఒక తమాషా జరిగింది. తెలంగాణ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్ లేదని మా ఆమె విన్నది. కండక్టర్ రాగానే ఆధార్ చూపించింది. ఆమె చూసి, "ఇది మహారాష్ట్రది అక్కా, టికెట్ తీసుకోవాలె" అన్నది.

"నేను తెలుగే మాట్లాడుతున్న గదా!"

"మాట కాదక్కా, అడ్రసు చూడాలె."

బస్సులో అందరూ నవ్వారు. మా ఆమె కూడా నవ్వి డబ్బులిచ్చింది. సిద్దిపేట దాటిన తర్వాత నా చెవిలో, "చూసినవా, నువ్వు రెండు రోజులు ఆలోచించింది కండక్టరమ్మ ఒక్క మాటల చెప్పింది" అన్నది.

తమ్ముడు ఎదురొచ్చాడు. కోడి కోశారు, కల్లు తెచ్చారు. రాత్రి వాకిట్లో మంచాలు వేసుకుని పడుకున్నాక చెప్పాను. ముందు నా చూపుడువేలు చూపించాను. గోటి మీద నల్లటి గీత.

"గీకితే పోదా?"

"పోదు తమ్మీ. గోరు పెరిగి కత్తిరించుకునేదాక ఉంటది. పోయినా వెయ్య."

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అసలు సంగతి చెప్పాడు. సర్పంచుల గడువు 2024 ఫిబ్రవరిలోనే అయిపోయింది. నేడో రేపో పంచాయతీ ఎన్నికలు వస్తాయన్నాడు. తాను వార్డు మెంబరుగా నిలబడాలనుకుంటున్నాడు. వార్డులో పది ఓట్లు అటో ఇటో అయితే గెలుపోటములు మారిపోతాయి. మావి నాలుగు.

"సిరిసిల్లల సాంచాలు సక్కగ నడుస్తలేవు. పని తగ్గింది. నలుగుట్ల ఒక మాట చెల్లుబాటయితదని నిలబడుతున్న. ఇంటోళ్ళే పేర్లు తీసేసుకుంటే ఊరోళ్ళు ఏమనుకుంటరు?" అన్నాడు. తర్వాత ఇంకో బాణం వేశాడు. "అటు ఆసిఫాబాద్ దిక్కు కెరమెరి కాడ, మీ చంద్రాపూర్ జిల్లా సరిహద్దుల ఊళ్ళకు రెండు రాష్ట్రాల కార్డులున్నయి. వాళ్ళకు లేని తప్పు మీకెందుకు?"

అది నిజమే. ఆ ఊళ్ళు మావంటే మావని రెండు రాష్ట్రాలూ అంటున్నాయి. అక్కడి జనానికి రెండు రేషన్ కార్డులు, రెండు ఓటు కార్డులు ఉన్నాయి. "ఆ పంచాది భూమిది తమ్మీ. వాళ్ళు ఒక్కచోటనే ఉన్నరు, రెండు సర్కార్లు వాళ్ళ దగ్గరికి వచ్చినయి. మనమేమో ఒక్క సర్కారు కింద ఉండి రెండో సర్కారుకు పోయి అబద్ధం రాసిచ్చినం" అన్నాను.

"అయితే ఇల్లు?"

ఈ ప్రశ్న కోసమే నేను సంచిలో కాగితాలు పెట్టుకుని పోయాను. మా నాయిన పేరు మీది ఇంటి పన్ను రసీదులు, నేను ఏటా కట్టినవి. ఓటు జాబితా ఇంటి హక్కు కాగితం కాదు. హక్కు పత్రాలు వేరు, ఇంటి పన్ను వేరు. జాబితాలో పేరు తీసేస్తే ఇల్లు పోదు, పేరున్నంత మాత్రాన ఇల్లు రాదు. రసీదులు ఒక్కొక్కటే సెల్‌ఫోన్ వెలుగులో చూపించాను. చూశాడు, మడిచి నా చేతిలో పెట్టాడు. ఏమీ అనలేదు.

పక్క మంచం మీద చిన్నాయిన మేలుకునే ఉన్నాడు. మేం ఇద్దరం చల్లబడ్డాక అడిగాడు, "సరే కొడుకా, ఓటు తీసుకపోతున్నవు. ఊరికి ఏమిచ్చి పోతవు?"

దానికి నా దగ్గర గబుక్కున జవాబు లేకపోయింది. ఆలోచించి, "పన్ను కడుత. పండుగకు వస్త. తమ్ముడు నిలబడితే ఇల్లిల్లు తిరిగి వానికి వేయమని చెప్త. కాని నేను వెయ్య" అన్నాను. చిన్నాయిన "ఊఁ" అని అటు తిరిగి పడుకున్నాడు. ఒప్పుకున్నాడో లేదో ఇప్పటికీ తెలియదు.

13న ఊరంతా బడి దగ్గరే ఉన్నది. నేను రోడ్డు మీది చెట్టు కింద కూర్చున్నాను. ఒక్కొక్కరూ వచ్చి, "వేసినవా?" అని అడగడం, నేను వేలు చూపించి, "మా దగ్గర వేసిన" అనడం. "మా దగ్గర" అన్న మాట నా నోట మొదటిసారి ఆ ఊర్లో వచ్చింది. అన్న తర్వాత నాకే ఒక తీరుగా అనిపించింది.

14న బస్సు దగ్గరికి తమ్ముడు రాడనుకున్నాను. వచ్చాడు. మాట్లాడలేదు. మరదలు కట్టిచ్చిన మామిడికాయ తొక్కు సీసా సీటు కింద పెట్టి, "పడిపోకుంట చూసుకోండ్రి వదినా" అని మా ఆమెకు చెప్పి దిగిపోయాడు.

జూన్ 4న లెక్కింపు అయింది. ఆ తర్వాత మా పిల్లవాని సెల్‌ఫోన్‌లో ఊరి జాబితాకు నాదీ, మా ఆమెదీ ఫారం 7 ఇచ్చాం. నంబరు వచ్చింది. పేరు పోయిందా లేదా ఇంకా చూడాలి. మా అన్న ఇంకా ఆలోచిస్తున్నాడు. ఆయనను నేను తొందరపెట్టడం లేదు, కాని చట్టం మాత్రం చదివి వినిపించాను. తమ్మునికి వారానికోసారి ఫోన్ చేస్తున్నాను. మొదటి వారం వానలు, రెండో వారం మేకలు, ఈ వారం పిల్ల చదువు మాట్లాడాడు. ఓటు మాట ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

పాఠకులకు నా మనవి. జాబితాలో మీ పేరు, మీ ఇంటి ఆడవాళ్ళ పేర్లు ఇప్పుడే చూసుకోండి, పోలింగ్ రోజు కాదు. కొత్తగా పేరు చేర్చడానికి ఫారం 6. తప్పు దిద్దుకోవడానికి, ఇల్లు మారితే ఓటు మార్చుకోవడానికి ఫారం 8. తీసేయడానికి ఫారం 7. పిల్లలకు పద్దెనిమిది నిండడానికి ఇప్పుడు జనవరి 1 ఒక్కటే లెక్క కాదు. ఏప్రిల్ 1, జూలై 1, అక్టోబర్ 1 తేదీలు కూడా లెక్కలోకి వస్తాయి. 2024 జనవరి 19న కుంభారి దగ్గర రే నగర్‌లో 15,000 ఇళ్ళు ఇచ్చారు కదా, అక్కడికి మారిన అక్కచెల్లెళ్ళు పాత పేటలోనే ఓటు ఉంచుకుంటే కొత్త చోట రోడ్డు, బడి, దవాఖానా అడిగే బలం తగ్గుతుంది. అనుమానం ఉంటే 1950 నంబరుకు ఫోన్ చేయండి. లేదా మార్కండేయ గుడి దగ్గర ఆదివారం పొద్దున నేను ఉంటాను, కాగితాలు పట్టుకుని రండి.

ఇవాళ పొద్దున పనికి పోతూ ఆ ముసలవ్వ వాకిట్లో ఆగాను. "అవ్వా, ఊర్లది తీసేయమని రాసిచ్చిన" అన్నాను. బీడీ మొన మడుస్తూ, "మంచిగ చేసినవు. మరి నా వయసు దిద్దించినవా? అరవై రెండు రాసిండ్రు" అన్నది. నా గోల్లో పడి ఆమె ఫారం 8 మర్చేపోయాను. సాయంత్రం షిఫ్టు దిగి ముందు ఆ పని చూడాలి.

వచ్చే నెల కలుద్దాం. రాఖీ పున్నమికి మార్కండేయ రథం ఏర్పాట్ల సంగతులు రాస్తాను.